సొరకి భయపడి పవర్‌హెడ్ కొనాలా?
అన్నా, పట్టి నడుము తాడుకి గుచ్చుకున్న చేపల్ని సొర లాక్కుపోతోందని, ఫ్లోరిడాలో స్పియర్‌ఫిషింగ్‌కి (నీళ్లలో మునిగి ఈటెతో చేపలు పట్టడానికి) పవర్‌హెడ్ కొంటానన్నావు కదా, వద్దు. అది కర్ర చివర బిగించిన తూటా గొట్టం, సొర ఒంటికి గట్టిగా తగిలితేనే పేలుతుంది, లోపలికి దూసుకెళ్లే గ్యాసే ఎక్కువగా చంపుతుంది. అంటే సొర కర్రకి అందేంత దగ్గరికి వచ్చేదాకా పనికిరాదు, గురి తప్పితే గాయపడ్డ సొర పక్కన ఉండేది నువ్వే. పైగా ఫ్లోరిడా రాష్ట్ర జలాల్లో దాంతో చేపలు పట్టడం నిషేధం.

అసలు సమస్య ఆ తాడే! చేప గిలగిలా కొట్టుకుంటే ఆ కదలికకీ రక్తానికీ సొర వస్తుంది, కాబట్టి పట్టగానే తలలో కత్తి దింపి, వెంటనే పడవలోకి పంపెయ్. అప్పటికే సొర నోట పడిందా, వదిలేసి చోటు మార్చు. తోడు లేకుండా మాత్రం దిగకు, ప్లీజ్.