అంకె ఒకటే, ఆయుష్షు వేరు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ శిష్యురాలు మన ఊరి లైబ్రరీకి ఆరు పాత లాప్‌టాప్‌లు సంపాదించింది అన్నయ్యా, వాటిలో ఉబుంటు వేస్తుందట" అన్నాడు. మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. కుబుంటునా, జుబుంటునా, లుబుంటునా అని వారం నుంచి తేల్చుకోలేకపోతున్నావట. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

విండోస్ బదులు వేసుకునే ఉబుంటుకి ఈ మూడూ రకాలే, ఫ్లేవర్లంటారు. లోపలి సరుకు అన్నిటిలో ఒకటే. మెషిన్‌ని నడిపే గుండెకాయ లాంటి కెర్నల్ అదే, సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే గోదాం అదే. మారేది పైన కనిపించే డెస్క్‌టాప్. కుబుంటులో కేడీఈ ప్లాస్మా, జుబుంటులో ఎక్స్‌ఎఫ్‌సీఈ, లుబుంటులో ఎల్‌ఎక్స్‌క్యూటీ. ఒక్కోటి పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ చూసుకో. ఇచ్చినవాళ్ల ఫొటోలేమైనా ఉన్నాయేమో ముందే అడుగు. డిస్క్ చెరిపాక ఏడ్చినా రావు.

4 జీబీ ర్యామే ఉందని బెంగట కదా. లుబుంటు తేలికే, కాదనను. కానీ పిల్లలు బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచాక నువ్వు మిగిల్చిన ర్యామ్ ఏ మూలకీ చాలదు. డబ్బులుంటే హార్డ్‌డిస్క్ తీసేసి అంతకంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వెయ్యి, తేడా నీకే తెలుస్తుంది.

ఇక నా టెన్షన్ సంగతి.

2008 వేసవి సెలవులు. మా హైస్కూల్ ల్యాబులో పది మెషిన్లు. ఉబుంటు 8.04 ఎల్‌టీఎస్ అని, అంటే ఎక్కువ కాలం చూసుకునే వెర్షన్ అని, డెస్క్‌టాప్‌కి మూడేళ్లు అప్‌డేట్లు వస్తాయని చదివాను. నాకేమో కేడీఈ అంటే మోజు. అందుకని కుబుంటు 8.04 వేశాను. అంకె ఒకటే కదా, ఆయుష్షూ ఒకటే అనుకున్నాను. ఆసారి కుబుంటు ఎల్‌టీఎస్ కాదమ్మా! కేడీఈ 3 నుంచి 4కి మారే రోజులవి, అందుకని పద్ధెనిమిది నెలలే ఇచ్చారు. ఆ మాట వాళ్లు రాశారు, నేనే చదవలేదు. ప్రశ్న పూర్తిగా చదవండిరా అని పిల్లల చెవులు మెలిపెట్టిన లెక్కల మాస్టారిని!

2009 అక్టోబర్‌తో అప్‌డేట్లు ఆగాయి. నాకు తెలిసేసరికి సంక్రాంతి వచ్చింది. పండగ సెలవుల్లో కూర్చుని పదింటిలోనూ 9.10 ఎక్కించాను. అందులో కేడీఈ 4. మెనూ రూపమే మారిపోయింది.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నోట్‌బుక్ వెనక అట్ట మీద దారి రాసుకుంది. "కింద ఎడమ మూల నొక్కాలి. పైనుంచి మూడోది. పక్కన తాబేలు." కేటర్టిల్ అని, తాబేలుకి ఆజ్ఞలిచ్చి గీతలు గీయించే ప్రోగ్రామ్ ఉండేది. ఆ పిల్ల సెలవుల తర్వాత వచ్చి కూర్చుంది. అట్ట చూసి నొక్కింది, మళ్లీ చూసి నొక్కింది. లేచి నా దగ్గరికొచ్చి మెల్లిగా, "సార్, నేనేమైనా పాడుచేశానా?" అంది. నా పొరపాటని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను అడక్కుండా మౌస్ ముట్టుకోలేదు.

జూన్‌లో నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. మరుసటేడు అటు వెళ్తే ల్యాబుకి తాళం వేసి ఉంది.

ఇప్పుడూ అదే గొయ్యి నీ ముందుంది. 24.04 చూడు. అసలు ఉబుంటుకి ఐదేళ్లు, 2029 దాకా. అదే అంకెతో కుబుంటు, జుబుంటు, లుబుంటులకి మూడేళ్లే, 2027 ఏప్రిల్‌తో సరి. ఈ ఫ్లేవర్లు ఎక్కువగా వాలంటీర్ల చేతి మీద నడుస్తాయి. బడుల కోసం చేసిన ఎడ్యుబుంటు 14.04 తర్వాత ఏళ్లపాటు ఆగిపోయి 2023లో మళ్లీ వచ్చింది. టీవీ రికార్డింగ్ కోసం చేసిన మిత్‌బుంటు 2016లో ఆగింది, మళ్లీ రాలేదు. ఊరికే చేసిపెట్టేవాళ్లని మనం నిలదీయలేం, తేదీ చూసుకోవడం మన పని. తొమ్మిది నెలలే అప్‌డేట్లు వచ్చే వెర్షన్ల జోలికైతే అసలు వెళ్లకు, మళ్లీ తిడతాను.

నన్నడిగితే లైబ్రరీకి జుబుంటు ఎల్‌టీఎస్. ఎక్స్‌ఎఫ్‌సీఈ ముఖం ఏళ్ల తరబడి పెద్దగా మారదు. నీకు బోరు కొట్టొచ్చు గానీ లైబ్రేరియన్ గారికి కొట్టదు. నువ్వు హైదరాబాద్ వెళ్లిపోయాక అక్కడుండేది ఆయనే. నీ సొంత లాప్‌టాప్‌లో కుబుంటు వేసుకుని ఎన్ని రంగులైనా పూసుకో, ఎవరొద్దన్నారు? తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ ఆరింటిలోనూ ముందే పెట్టి, ఆయన చేత ఓ పేజీ టైప్ చేయించు. మౌస్ నువ్వు పట్టుకోకు, ఆయన్నే పట్టుకోనివ్వు. ప్రతి మూత మీదా వెర్షన్ ఏదో, అప్‌డేట్లు ఆగే నెల ఏదో స్కెచ్ పెన్నుతో రాసి స్టిక్కర్ అంటించు, మందుసీసా మీద రాసినట్టు.

రెండో శనివారం బస్సుకి వస్తాను. ఐదు నువ్వు చేసెయ్, ఆరోది నాకు వదులు. అన్నట్టు, కేటర్టిల్ జుబుంటులోనూ ఇన్‌స్టాల్ అవుతుంది. నేను చెప్పానని కాదు గానీ, అన్నిటిలో వెయ్యి.

మీ పెదనాన్న