ఫ్యాషన్ వీక్‌లో ర్యాంప్ వెనక ఏం జరుగుతుంది?

మోడల్ నడిచేది నిమిషమే కదా, వెనక అంతమంది ఎందుకని అడిగారు. మన దగ్గర పెళ్లికూతుర్ని తయారుచేసే గది గుర్తు తెచ్చుకోండి. అలాంటివి ఇరవై ఒకే హాల్లో పెడితే అదే బ్యాక్‌స్టేజ్.

షో మొత్తం సాధారణంగా పది, పదిహేను నిమిషాలే. మోడళ్లు మాత్రం గంటల ముందే వచ్చేస్తారు. మేకప్, జుట్టు, రిహార్సల్ అన్నీ కావాలి మరి. బట్టలు చక్రాల స్టాండ్లకు వరుసగా వేలాడుతుంటాయి. ఒక్కో జతకూ ఫోటో ఉన్న కార్డు ఉంటుంది. ఏ నగ, ఏ చెప్పులు, ఎన్నో నంబరు అన్నీ అందులోనే. చెప్పులు చాలాసార్లు అరువు తెచ్చినవే, అందుకే గీతలు పడకుండా అడుగున టేపు అంటిస్తారు.

అసలు టెన్షన్ ఒకే మోడల్ రెండోసారి వెళ్లాల్సి వచ్చినప్పుడు. ఒకటి రెండు నిమిషాల్లో డ్రెస్ మార్చాలి. మోడళ్లకు బట్టలు తొడిగే డ్రెస్సర్లు తర్వాతి డ్రెస్ హుక్కులు, జిప్పులు ముందే విప్పి చేతిలో పట్టుకుని నిలబడతారు. చీరైతే కుచ్చిళ్లు ముందే కుట్టేయడమూ ఉంది (మా అమ్మమ్మ చూస్తే ఊరుకోదు!).

చేనేత షో అయితే తెర వెనక పని నెలల ముందే మగ్గం మీద మొదలవుతుంది. ర్యాంప్ మీద వేసుకునేవి కాకపోయినా, నేత పనికి ఉదాహరణగా మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలనే తీసుకోండి. 2018లో వరంగల్ డర్రీలుగా జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే) గుర్తింపు పొందినవి ఇవే. పడుగు (నిలువు దారాలు) మగ్గానికి ఎక్కాక డిజైనర్ ఫోన్ చేసి వెడల్పు పెంచమంటే కుదరదు. కుట్టినదాన్ని రాత్రికి రాత్రి విప్పి మళ్లీ కుట్టొచ్చు, నేసినదాన్ని మాత్రం అలా మార్చలేం.