ఇంగ్లండ్ బడిలో ఇచ్చే పండు వద్దనకండి

వర్క్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి, పిల్లల్ని బడిలో చేర్చిన కొత్తలో మనవాళ్ళు తరచూ అడిగే సందేహం ఇది: "బడిలో రోజూ పండు ఇస్తున్నారు. ప్రభుత్వ సాయం తీసుకోకూడదని మా వీసాలో ఉంది. తింటే రేపు ఇబ్బంది అవుతుందా?"

అవదు, నిశ్చింతగా తిననివ్వండి. వీసా షరతు వర్తించేది యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ వంటి ప్రభుత్వ భృతులకు. వాటికొక జాబితా ఉంది. ప్రభుత్వ బడిలో చదువు గానీ, అక్కడ పెట్టే పండు గానీ అందులో లేవు.

ఈ పథకం పేరు స్కూల్ ఫ్రూట్ అండ్ వెజిటబుల్ స్కీమ్. 2004 నాటికి ఇంగ్లండ్ అంతటా అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ బడుల్లో రిసెప్షన్ (బడిలో మొట్టమొదటి తరగతి), ఇయర్ 1, ఇయర్ 2 పిల్లలకు, అంటే నాలుగు నుంచి ఆరేళ్ళ వాళ్ళకు, బడి ఉన్న ప్రతి రోజూ ఒక పండో కూరగాయో ఇస్తారు. ఆదాయంతో పని లేదు, దరఖాస్తు అక్కర్లేదు. ప్రైవేటు బడులకు మాత్రం ఇది లేదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. మనం ఆపిల్ తొక్క తీసి, ముక్కలు కోసి, వెంటపడి నోట్లో పెడతాం. బడిలో చిన్న ఆపిల్‌ను తొక్కతోనే చేతికిస్తారు. ఒక రోజు పచ్చి క్యారెట్, ఇంకో రోజు చిన్న టమాటా, మరో రోజు షుగర్ స్నాప్ బఠానీ. ఈ బఠానీని ఒలవకుండా కాయతో సహా నమిలి తినాలి. బఠానీ అంటే గింజలు ఒలిచి కూరలో వేసేదని తెలిసిన పిల్లకు ఆ కాయ చేతిలో పెడితే ఏం చేయాలో తోచదు. బడి మొదలయ్యే ముందు వేసవిలోనే వీటిని కొని ఇంట్లో అలవాటు చేయండి. ఆపిల్ కోయకుండా ఇవ్వండి, నారింజ తొక్క తనే ఒలుచుకోనివ్వండి. మొదట సగం పారేసినా ఫరవాలేదు. పక్కన కూర్చున్న పిల్లలు తింటుంటే మీ పిల్ల కూడా కొరికి చూస్తుంది. ఇంట్లో ఎంత బతిమాలినా రాని ధైర్యం తరగతిలో వస్తుంది. ఈ పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

చలికాలంలో పండు తింటే జలుబు చేస్తుందని, ఇవ్వవద్దని టీచరుకు చీటీ రాసే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, పండు వల్ల కాదు. అందరూ తింటుంటే మీ బిడ్డ ఒక్కతే ఖాళీ చేతులతో కూర్చోవడం మీకు మాత్రం ఇష్టమా? నిజంగా అలర్జీ ఉంటే అది వేరే సంగతి. చేరిన రోజే బడి ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పండి.

ఈ మూడు తరగతుల వాళ్ళకు 2014 సెప్టెంబరు నుంచి మధ్యాహ్న భోజనం కూడా ఉచితం. అందులో రోజూ ఏదో ఒక కూరగాయ లేదా సలాడ్ ఉండాలని నిబంధన ఉంది. శాకాహారులైతే ఒక జాగ్రత్త: ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండవచ్చు. గుడ్డు తినకపోతే ఫారంలో ఆ మాట విడిగా రాయండి.

ఇయర్ 3 రాగానే బడి ఇచ్చే పండు ఆగిపోతుంది. ఆ సెప్టెంబరు నుంచి విరామానికి మీరే ఏదైనా పంపాలి. చాలా బడులు పండ్లు, కూరగాయలు తప్ప బిస్కెట్లు, చిప్స్ ఒప్పుకోవు. అరటిపండు, కీరా ముక్కలు, జామకాయ ఏదైనా సరే. ద్రాక్ష పంపితే చిన్న పిల్లల గొంతులో అడ్డుపడకుండా నిలువుగా చీల్చి పెట్టండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఇచ్చే వేరుశనగ చిక్కీని మాత్రం ఇక్కడ డబ్బాలో పెట్టకండి. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలకు అది ప్రాణం మీదకు వస్తుంది కాబట్టి ఎన్నో బడులు దాన్ని లోపలికి రానివ్వవు.