కరోనా అప్పు మన ఇంటిదాకా ఎట్లా వచ్చింది?

కరోనాలో సర్కారు చేసిన అప్పు పాలమూరు కూలీకి ఎట్లా తగులుతదని అడిగారు. ఎక్కువగా పన్నుల ద్వారా. 2020 మార్చి లాక్‌డౌన్‌తో రాబడి పడిపోయింది, ఖర్చు పెరిగింది. ఆ ఆర్థిక సంవత్సరం కేంద్ర ద్రవ్యలోటు, అంటే రాబడికి మించి పెట్టిన ఖర్చు, జీడీపీలో (దేశం ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో) 9 శాతం దాటింది. మే నెలలో కేంద్రం లీటరు పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు సుంకం పెంచారు. ముడిచమురు చౌకైనా ఆ లాభం దేవరకొండ ఆటో డ్రైవరుకు అందలేదు.

అప్పులో పెద్ద భాగం బయటి దేశాలది కాదు. బ్యాంకులు, ఎల్‌ఐసీ కొన్న బాండ్లు (సర్కారు అప్పు పత్రాలు), అంటే మన పొదుపే. అప్పు చేయడం తప్పని నేననను. ఆ ఏప్రిల్‌లో తెలంగాణ రాష్ట్రం రేషన్ కార్డుకు 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇవ్వకుంటే పని పోయిన ఇండ్లల్ల పొయ్యి వెలిగేదా? నా బాధంతా వసూలు తీరు మీదనే: కోట్లున్నోళ్లూ, కూలోళ్లూ లీటరుకు ఒకే సుంకం కట్టారు.