టెక్ సందేహాలు: కెమెరాకు ముందు తెలుపు చూపించండి

ప్రశ్న: తిరుచానూరు రోడ్డులోని ఒక కల్యాణ మండపంలో మా అక్క కూతురి పెళ్లికి కెనన్ 1500డి కెమెరాతో ఫొటోలు తీశాను. ఒక్కో ఫొటో ఒక్కో రంగులో వచ్చింది. కొన్నిటిలో అందరి ముఖాలూ పసుపు పూసినట్టున్నాయి. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర ఒకచోట నారింజ రంగులో, మరోచోట వంకాయ రంగులో కనిపిస్తోంది. త్వరలో ఇంకో పెళ్లి ఉంది. కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోమని ఒకరు చెప్పారు. ఎలా పెట్టాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీకు అందిన సలహా సరైనదే. పెళ్లి మంటపం కంటే దాని అవసరం ఎక్కువగా ఉండే చోటు మరొకటి లేదు.

వెలుగుకూ రంగు ఉంటుంది. దాన్ని కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు వెలుగు దాదాపు 2,800 కెల్విన్లు, అంటే బాగా పసుపు. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5,500. చెట్టు నీడలో అది 7,000 దాటి నీలం వైపు మొగ్గుతుంది. మన కన్ను ఈ తేడాను తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి, ఏ వెలుగులో చూసినా తెల్ల కాగితం తెల్లగానే కనిపిస్తుంది. కెమెరాకు ఆ శక్తి లేదు. వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటోలో రంగులను సరిదిద్దడాన్నే వైట్ బ్యాలెన్స్ అంటారు. ఆటోలో పెడితే ఫ్రేములో కనిపించే రంగులను బట్టి వెలుగు రంగును అంచనా వేస్తుంది. మంటపం వెనుక నిండా బంతిపూల దండలు ఉన్నాయనుకోండి. ఆ పసుపు పూలదో, దీపాలదో కెమెరా తేల్చుకోలేదు. వెలుగే పసుపనుకొని ఫొటోలో నీలం కలిపేస్తుంది. మరుక్షణం మీరు తెల్లచొక్కాల బంధువుల వైపు తిరిగితే అంచనా మారిపోతుంది. ఒక్కో ఫొటో ఒక్కో రంగులో రావడానికి కారణం ఇదే.

కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లో ఈ అంచనా పని కెమెరాకు ఉండదు. ‘ఈ వెలుగులో ఇదిగో తెలుపు’ అని మీరే చూపిస్తారు. మీ కెమెరాలో మోడ్ డయల్‌ను పి, టీవీ, ఏవీ, ఎం అక్షరాల్లో ఏదో ఒకదానిపై ఉంచండి. పూర్తి ఆటోలో ఈ సదుపాయం పనిచేయదు. పెళ్లికూతురు కూర్చునే పీట దగ్గర, ఆమె ముఖం ఉండే ఎత్తులో, కెమెరా వైపు తిప్పి ఒక గ్రే కార్డు (తెలుపు బదులు చూపే, ఏ రంగు వైపూ మొగ్గని బూడిదరంగు అట్ట) పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. ఫ్రేము మధ్యభాగం మొత్తం కార్డుతో నిండేలా ఫొటో తీయండి. మరక లేని ఉపరితలం మీద ఆటోఫోకస్ పట్టు దొరక్క తడబడుతుంది. అందుకే లెన్స్ మీది స్విచ్చిని ఎంఎఫ్‌కు, అంటే చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి, మార్చండి. ఫొటో మరీ తెల్లగా వెలిగిపోకుండా, మరీ చీకటిగా లేకుండా ఉండాలి. తర్వాత మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తెరిచి, ఆ ఫొటోను ఎంచుకొని సెట్ నొక్కండి. ఇక్కడితో పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. వైట్ బ్యాలెన్స్ జాబితాలోకి వెళ్లి, రెండు త్రిభుజాల మధ్య చిన్న చతురస్రం ఉన్న గుర్తును కూడా ఎంచుకోవాలి. అప్పుడే అది అమలవుతుంది. నికాన్ కెమెరాల్లో ఇదే సదుపాయాన్ని ప్రీసెట్ మాన్యువల్ అంటారు.

కార్డును పీట దగ్గరే పట్టమనడానికి కారణముంది. మంటపానికి కట్టిన ఎర్రటి, పచ్చటి గుడ్డల మీద పడి తిరిగి వచ్చే వెలుగు కూడా పెళ్లికూతురి ముఖం మీద పడుతుంది. మీరు నిలుచున్న చోట తెలుపు చూపిస్తే ఆ లెక్క తప్పుతుంది.

గ్రే కార్డు లేదు కదా అని పెళ్లికొడుకు పంచెను చూపించకండి. పట్టుపంచె కంటికి తెల్లగా అనిపించినా అసలు రంగు మీగడ. నూలు పంచెకు నీలిమందు పెట్టి ఉంటారు. మామూలు ప్రింటర్ కాగితంతోనూ చిక్కే. తళతళలాడే తెలుపు కోసం అందులో కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని నీలపు వెలుగును వదులుతాయి. ఆ కిరణాలుండే పగటి వెలుగులో ఆ కాగితాన్నే తెలుపని నమ్మితే ఫొటోలు కాస్త పసుపుబారతాయి. అచ్చంగా ఏ రంగు వైపూ మొగ్గని బూడిదరంగు కార్డు ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఫ్లాష్ వాడేవారికి ఇంకో జాగ్రత్త. ఫ్లాష్ వెలుగు దాదాపు ఎండ రంగులో ఉంటుంది, హాల్లో దీపాలు పసుపుగా ఉంటాయి. ముఖానికి ఒక సెట్టింగు సరిపోతే వెనుక గోడకు అది సరిపోదు. ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ కాగితం పెట్టి, ఆ ఫ్లాష్ వెలుగుతుండగానే గ్రే కార్డును ఫొటో తీసి సెట్ చేస్తే రెండు వెలుగులూ దగ్గరపడతాయి. గులాబీ, ఊదా రంగుల్లో తిరిగే వేదిక లైట్లకు మాత్రం ఏ సెట్టింగూ మందు కాదు. ఆ వెలుగులో మిగతా రంగులు అసలే ఉండవు. ముహూర్తం వేళ, కనీసం జీలకర్ర బెల్లం, తలంబ్రాల సమయంలోనైనా, వాటిని ఆపమని అలంకరణ చేసేవారిని ముందుగానే మర్యాదగా అడగండి.

మండపం బయట ఎదుర్కోలు తీయడానికి వెళ్లేటప్పుడు సెట్టింగు మార్చడం మరవకండి. పసుపు వెలుగు కోసం పెట్టినది పగటి వెలుగులో అందరినీ నీలంగా చూపిస్తుంది. హారతి ఇచ్చేటప్పుడు మాత్రం దీపపు పసుపును పూర్తిగా తుడిచేయకండి. ఆ వెచ్చదనం ఉంటేనే అది హారతి. అలాంటి ఫొటోలకు డేలైట్ గుర్తు పెట్టుకుంటే చాలు.

ప్రశ్న: మేము చేత్తో వేసిన కలంకారీ చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఫొటోలు ఫోనుతో తీస్తాం. ‘ఫొటోలో చూసిన రంగు కాదు’ అంటూ చీరలు వెనక్కి పంపుతున్నారు. చీరలోని తెల్లటి భాగం చూపించి ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ సరిచేస్తున్నా తేడా వస్తోంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: తేడా మీరు చూపించే ఆ తెలుపులోనే ఉందమ్మా. కలంకారీ గుడ్డను పాలు, కరక్కాయతో తయారు చేస్తారన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ గుడ్డకు లేత పసుపు చాయ వస్తుంది. ఉతికాక తగ్గినా ఎంతో కొంత మిగులుతుంది. మీరు యాప్‌కు అదే తెలుపని చెబితే, ఆ పసుపును తీసేయడానికి ఫొటో మొత్తంలో నీలం కలుస్తుంది. చిరువేరు అనే మొక్క వేళ్ల నుంచి తీసే ఎరుపు ఊదా వైపు జరుగుతుంది, కరక్కపువ్వు పసుపు వెలవెలబోతుంది, నీలిమందు రంగు మాత్రం ఉన్నదానికంటే ఘాటుగా కనిపిస్తుంది. మీ చీర అందం ఆ మీగడ రంగు నేలలోనే ఉంది. దాన్ని తెల్లబరచకండి.

ఎండ నేరుగా పడని వరండాలో, ఉదయం పూట, లోపలి ట్యూబ్‌లైట్లు ఆర్పేసి చీర పరవండి. పక్కన ఆకుపచ్చ గోడ ఉంటే దాని ఛాయ చీర మీద పడుతుంది, చోటు మార్చండి. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తీసేసి ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంచండి. నీడలో 6,500 దగ్గర మొదలుపెట్టి, ఫోన్ తెరనూ చీరనూ పక్కపక్కన చూస్తూ అటూ ఇటూ జరపండి. మొదటి ఫొటోలో చీర మీద గ్రే కార్డు ఉంచండి. మిగతావి కార్డు తీసేసి, అదే వెలుగులో తీయండి. స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ తెరిచి, చుక్కల మందు గొట్టం ఆకారంలో ఉన్న గుర్తుతో ఆ కార్డును తాకితే రంగులు కుదురుతాయి. అవే అంకెలను మిగతా ఫొటోలకూ వాడండి. పల్లూ అంచును దగ్గరగా తీసిన ఫొటో ఒకటి తప్పక పెట్టండి.

కొనేవారి ఫోన్‌లో కళ్లకు హాయినిచ్చే రాత్రి మోడ్ ఆన్‌లో ఉంటే తెర మొత్తం పసుపుబారుతుంది. రంగు చూసేటప్పుడు దాన్ని ఆపమని చీర వివరాల కింద ఒక వాక్యం రాయండి. వెనక్కి వచ్చే చీరలు కొంతైనా తగ్గుతాయి.

ప్రశ్న: రా ఫార్మాట్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ పట్టించుకోనక్కరలేదా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: రా అంటే కెమెరా సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైలు. అందులో వైట్ బ్యాలెన్స్ ఒక సూచనగా మాత్రమే నమోదవుతుంది. తర్వాత కంప్యూటర్లో నాణ్యత తగ్గకుండా మార్చుకోవచ్చు. మామూలు ఫొటో ఫైలైన జేపీఈజీలో అది రంగుల్లోనే కలిసిపోతుంది, ఎక్కువగా సరిదిద్దబోతే ఫొటో పాడవుతుంది. అయితే రా తీసినా కెమెరా వెనుక తెర మీద కనిపించే బొమ్మ, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫు) మీరు పెట్టిన వైట్ బ్యాలెన్స్ ప్రకారమే తయారవుతాయి. పసుపు బల్బుల కింద ఎర్రచీర తీసేటప్పుడు ఎరుపు హద్దు దాటిందో లేదో అక్కడే చూసుకోవాలి. హద్దు దాటిన ఎరుపులో జరీ అంచు వివరాలు పోతే రా ఫైలు కూడా వాటిని తిరిగి తేలేదు. కాబట్టి రా తీసే రోజు కూడా ప్రతి వెలుగులో ఒక గ్రే కార్డు ఫొటో తీసి పెట్టుకోండి. కంప్యూటర్ దగ్గర ఒక్క క్లిక్కుతో ఆ వెలుగులో తీసిన ఫొటోలన్నిటినీ సరిచేయవచ్చు.