ఏ కంపెనీ పక్షమో తేల్చుకునే ముందు

చి. కిట్టూకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య ఒకటే నవ్వు. మొదటి జీతం అందుకున్న కుర్రాడు మేనమామని ఫిక్స్‌డ్ డిపాజిట్ల గురించి అడుగుతాడు గానీ, అమెరికా బొమ్మల కథల పుస్తకాల్లో మార్వెల్ కంపెనీవి కొనాలా డీసీ కంపెనీవి కొనాలా అని అడుగుతాడా అంది. నాకు మాత్రం సరైన ప్రశ్నే అనిపించింది. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే మామయ్యా" అనేస్తావు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక మాట. రెండు కంపెనీలవీ చదివి, మార్కులు వేసి, ఒకదాన్ని ఎంచుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మొదట చేతికి ఏది దొరికితే మనసు అటే పోతుంది. నాకు 1983లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత ఇంజనీరింగ్ గైడ్ల కింద, అట్ట లేని స్పైడర్‌మ్యాన్ దొరికింది. రూపాయిన్నర. చివరి పేజీలో విలన్ గోడ బద్దలుకొట్టుకుని వచ్చాడు, కింద "తరువాయి వచ్చే సంచికలో" అని ఉంది. ఆ వచ్చే సంచిక నాకు ఈ రోజుకీ దొరకలేదు. అయినా ఆ రోజు నుంచి నేను మార్వెల్ మనిషినే.

తమాషా ఏమిటంటే, ఫుట్‌పాత్ మీద కొనుక్కునే కుర్రాడికి నిజానికి సరిపోయేవి డీసీ పాత పుస్తకాలు. వాటిలో కథ చాలావరకు ఆ పుస్తకంలోనే మొదలై అందులోనే ముగిసేది. మార్వెల్ వాళ్లదేమో డైలీ సీరియల్ వ్యవహారం. ఒక బొమ్మ పక్కన చుక్క గుర్తు, కింద "ఈ గొడవ ఫలానా సంచికలో చూడండి" అని ఎడిటర్ మాట. చేతిలో ఉన్న పుస్తకం కన్నా లేని పుస్తకాల మీద యావ ఎక్కువయ్యేది. పిచ్చి పట్టుకోవడమంటే అదే మరి.

ఇంకోటి, ఊరు. డీసీ వాళ్ల సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు, బ్యాట్‌మ్యాన్ 1939లో. వాళ్లుండే మెట్రోపొలిస్, గోథమ్ కల్పించిన ఊళ్లు. 1961లో రాసే స్టాన్ లీ, బొమ్మలు గీసే జాక్ కర్బీ కలిసి ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురి జట్టు కథలు మొదలుపెట్టాక మార్వెల్ హీరోలు న్యూయార్క్‌లోనే తిరిగారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, డబ్బులకి కటకటలాడారు. ఇది నువ్వు సినిమాల్లో చూసిందే, పొడిగించను.

కానీ సినిమాల్లో కనపడనిది ఉత్తరాల పేజీ. నన్నడిగితే ఆ రోజుల్లో మార్వెల్ సగం గెలిచింది అక్కడే. స్టాన్ లీ అందులో వీధి అరుగు మీద కూర్చున్న బాబాయిలా కబుర్లు చెప్పేవాడు. బొమ్మలు గీసేవాళ్లకి, రాసేవాళ్లకి ముద్దుపేర్లు పెట్టేవాడు. కథలో తప్పు పట్టుకుని, అది తప్పెందుకు కాదో కూడా తనే సర్దిచెప్పిన పాఠకుడికి 'నో ప్రైజ్' అని ఒక బహుమతి. పోస్టులో కవరు వచ్చేది. పైన "అభినందనలు, మీ బహుమతి ఇందులో ఉంది" అన్నట్టు అచ్చువేసి ఉంటుంది. చించి చూస్తే లోపల ఏమీ ఉండదు! ఆ ఖాళీ కవరు కోసం పిల్లలు పడి చచ్చేవాళ్లు. 1964లో డాలరు చందాతో అభిమాన సంఘం కూడా పెట్టారు. బ్యాడ్జీ, కార్డు, వాళ్ల గొంతులున్న గ్రామఫోన్ రికార్డు పంపేవాళ్లు. మన హీరోల ఫ్యాన్స్‌ని చూసినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు.

పైగా మార్వెల్ అప్పట్లో చిన్న కంపెనీ. 1957 నుంచి పదేళ్ల పైచిలుకు దాని పుస్తకాలను షాపులకి చేరవేసింది డీసీ యజమానుల సంస్థే. మొదట్లో నెలకి ఎనిమిది పుస్తకాలే పంపుతామన్నారు. 12 సెంట్ల చొప్పున ఎనిమిదీ కొన్నా డాలరు దాటదు. అంటే పాకెట్ మనీతో మొత్తం కంపెనీని చదివేయొచ్చన్నమాట! అలా చదివినవాడికి అది సొంత ఇల్లులా అనిపించదూ?

ఇక నేను చేసిన వెధవపని. 1986 ప్రాంతంలో అదే ఫుట్‌పాత్ మీద ఒక పుస్తకం. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దుస్తుల్లో ఒక మనిషి కట్లు తెంచుకుంటున్నాడు. తిరగేశాను. చేతివేళ్లు ఇటుకల్లా చదరంగా ఉన్నాయి, పేలుడు చుట్టూ నల్లచుక్కల గుంపు. ఎక్కడో చూసిన గీతలే అనిపించింది. మూల మీద డీసీ ముద్ర కనపడగానే టక్కున కింద పెట్టేశాను. మూడు రూపాయలన్నవాడు రెండుకి దిగినా తీసుకోలేదు. మన పార్టీ కాదుగా!

అది మిస్టర్ మిరకిల్. గీసిందీ రాసిందీ జాక్ కర్బీ. నేను దేవుడనుకున్న మనిషి 1970లోనే మార్వెల్ వదిలి డీసీకి వెళ్లాడని నాకు పన్నెండేళ్ల తర్వాత తెలిసింది. అతను అప్పట్లో డీసీకి చేసిన కథల బైండు పుస్తకాలు తెప్పించుకుని చదివాను. వాటిలో ఒకచోట యుద్ధంలో ఉన్న రెండు లోకాల ఏలికలు సంధి కోసం కొడుకులని మార్చుకుంటారు. రేపల్లెలో బిడ్డల మార్పిడి వింటూ పెరిగినవాళ్లం కదా, ఆ పేజీల దగ్గర గొంతు పట్టేసింది. రెండు రూపాయలకి వచ్చేదాన్ని చివరికి ఎంతకి కొన్నానో అత్తయ్యకి చెప్పకు.

అందుకే, అట్ట మీది ముద్ర కన్నా ముందు మొదటి పేజీలో పేర్లు చూడు. రాసిందెవరు, గీసిందెవరు. నచ్చితే ఆ పేరు నోట్‌బుక్‌లో రాసుకుని, అతను ఎక్కడికి వెళితే అక్కడికి వెళ్లు. మార్వెల్‌లో డేర్‌డెవిల్ చేసిన ఫ్రాంక్ మిల్లర్ 1986లో డీసీకి బ్యాట్‌మ్యాన్ చేశాడు. 1992లో ఏడుగురు ఆర్టిస్టులు మార్వెల్‌లో మానేసి ఇమేజ్ అని సొంత కంపెనీయే పెట్టుకున్నారు. విడి సంచికల జోలికి ఇప్పుడే పోకు, పూర్తి కథ ఉన్న బైండు పుస్తకం కొను. ముప్పై పుస్తకాల్లో చెదరగొట్టిన మహా సంగ్రామాల జోలికి అసలే వద్దు, జీతం మొత్తం ఊడ్చేస్తాయి.

మీ ఆఫీసులో ఎవరు ఎవర్ని కొడతారనే వాదన వస్తే ఒకటి చెప్పు. 1996లో రెండు కంపెనీలూ కలిసి పోటీలు పెట్టి, ఐదింటి ఫలితం పాఠకుల ఓట్లకి వదిలేశాయి. మార్వెల్‌కి మూడు, డీసీకి రెండు. డీసీ వండర్ వుమన్ మార్వెల్ స్టార్మ్ చేతిలో ఓడింది. అది బలమా, బ్యాలెట్టా వాళ్లనే తేల్చుకోమను.

వచ్చే ఆదివారం తొమ్మిదింటికల్లా అబిడ్స్‌కి వచ్చెయ్, ఎండెక్కితే నిలబడలేం. గుడ్డ సంచీ తెచ్చుకో. చిల్లర నోట్లు కూడా, ఫోన్‌తో కడతావని తెలిస్తే బేరం తగ్గరు. ఆ స్పైడర్‌మ్యాన్ తరువాయి సంచిక కనపడితే మాత్రం అది నాది.

ఇట్లు,
మీ మామయ్య