సైకాలజీ మిడ్‌లో 25కి 9 వచ్చాయి, సెమిస్టర్ దగ్గరపడింది. మేడమ్‌ను ఎలా అడగాలి, ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డిగ్రీ రెండో సంవత్సరం, సైకాలజీ. మిడ్‌లో 25కి 9 వచ్చాయి. మార్కులన్నీ పేర్లతో సహా క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, అందరూ చూశారు. మేడమ్ దగ్గరికి వెళ్లి అడగాలంటే భయం. సెమిస్టర్‌కు ఇంకా నెల రోజులే ఉంది.

నేను చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతున్నాను. పేపర్లు దిద్దే మనిషికి మీ 9 మార్కులు ఎలా కనిపిస్తాయో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం అనిపించి రాస్తున్నాను.

ముందు మీ ఆన్సర్ పేపరు చేతికి తీసుకోండి. పుస్తకం తెరవడం ఆ తర్వాత. 9 అన్న అంకె చూస్తే మీకు ఏం రాదో తెలియదు. టైమ్ చాలక రెండు ప్రశ్నలు వదిలేసినా 9 వస్తుంది, అన్నీ రాసి ప్రతి జవాబులోనూ అసలు విషయం వదిలేసినా 9 వస్తుంది. మొదటిదైతే గడియారం చూసుకుంటూ రాయడం అలవాటు చేసుకోవాలి. రెండోదైతే చదివే పద్ధతే మారాలి. ఏది మీ సంగతో పేపరు చూస్తేగానీ చెప్పలేం.

అడగడం గురించి. క్లాసు అవగానే గుమ్మం దగ్గర ఆపి అడగకండి. అప్పుడు ఎవరికైనా తరువాతి పీరియడ్ హడావుడి ఉంటుంది. మేడమ్‌కు ఖాళీ పీరియడ్ ఎప్పుడో కనుక్కుని స్టాఫ్ రూమ్‌కి వెళ్లండి. "మేడమ్, నా మిడ్ పేపరు ఒకసారి చూసుకోవచ్చా? ఎక్కడ తగ్గాయో తెలిస్తే సెమిస్టర్‌కు సరిచేసుకుంటాను" అనండి. "ఎందుకు తక్కువ వేశారు?" అంటే మాట మార్కుల మీదికి పోతుంది, ఎలా రాయాలి అన్నది పక్కకు జరుగుతుంది. అలా పేపరు అడుగుతూ వచ్చే పిల్లలంటే మాకు విసుగని మీరంతా అనుకుంటారు. నా మటుకు నాకు అదే ఈ ఉద్యోగంలో బాగా ఇష్టమైన పని. పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క జవాబు చూపిస్తే, క్లాసులో నెలంతా చెప్పినా ఎక్కనిది ఎక్కుతుంది.

నేను పేపర్లు ఇచ్చేటప్పుడు తప్పు ఎక్కడ ఉందో మొదటి పేజీలో రాస్తాను, మార్కు మాత్రం చివరి పేజీలో వేస్తాను. దానికి కారణం ఉంది. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో స్కూలు పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వాళ్ల పని మీద వ్యాఖ్య మాత్రమే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు తరువాతి పని మెరుగ్గా చేశారు. రెండూ అందుకున్న వాళ్లకు వ్యాఖ్య వల్ల రావాల్సిన లాభం రాలేదు. మార్కు కనబడగానే కళ్లు పక్కవాడి పేపరు మీదికి పోతాయి, వ్యాఖ్య చదివే ఓపిక ఉండదు. మీ మేడమ్ పేపరు ఇచ్చాక మీరు కూడా మొత్తం మార్కు మీద చెయ్యి పెట్టి, ఒక్కో జవాబు పక్కన ఏం రాశారో ముందు చదవండి.

ఇక సైకాలజీ పేపర్లలో మార్కులు పోయే తీరు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ఏటా నా చేతికి వచ్చే పేపర్లలో ఇలాంటి జవాబు తప్పకుండా ఉంటుంది. ప్రశ్న: పునర్బలనం అంటే ఏమిటి? రకాలు వివరించండి. జవాబు ముత్యాల్లాంటి దస్తూరీతో పేజీ నిండా ఉంటుంది. "పునర్బలనం అంటే ప్రోత్సాహం. పిల్లలను ప్రోత్సహిస్తే బాగా చదువుతారు. తల్లిదండ్రులు పిల్లలను ఇతరులతో పోల్చకూడదు. పునర్బలనం రెండు రకాలు. ధనాత్మక పునర్బలనం అంటే బహుమతి ఇవ్వడం. రుణాత్మక పునర్బలనం అంటే శిక్షించడం." ఇంతే. అయిదుకి ఒకటిన్నర వేయడం కూడా కష్టమే.

రాసిన పిల్లకు మాత్రం అంతా రాశాననే అనిపిస్తుంది. కానీ మొదటి మూడు వాక్యాలు సైకాలజీ చదవని వాళ్లు కూడా చెప్పగలరు. దీని మీద ప్రయోగాలు చేసిన స్కిన్నర్ పేరు లేదు, ఆయన ఎలుకను ఉంచి చూసిన పెట్టె లేదు, ఆ ఎలుక లేదు. చివరి వాక్యం పూర్తిగా తప్పు. పునర్బలనం ఏ రకమైనా ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. ఎలుక మీట నొక్కితే ఆహారం పడుతుంది, అందుకని మళ్లీ మళ్లీ నొక్కుతుంది. అది ధనాత్మకం. పెట్టె అడుగున కరెంటు తగులుతూ ఉంటుంది, మీట నొక్కగానే ఆగిపోతుంది, అందుకనీ మళ్లీ నొక్కుతుంది. అది రుణాత్మకం. రెండు చోట్లా నొక్కడం పెరిగింది, గమనించారా? కారులో సీటు బెల్టు పెట్టుకోకపోతే బీప్ బీప్‌మని మోగుతూ ఉంటుంది, పెట్టుకోగానే ఆగుతుంది. ఆ మోత ఆగడం కోసం బెల్టు పెట్టుకోవడం అలవాటవుతుంది. రుణాత్మక పునర్బలనానికి ఈ ఒక్క ఉదాహరణ రాసినా దిద్దేవాళ్లకు మీకు అర్థమైందని తెలిసిపోతుంది. ఎదురుగా శిక్షకు ఒక ఉదాహరణ రాసి తేడా చూపిస్తే అయిదుకి నాలుగు వేయకుండా ఉండలేరు.

సిద్ధాంతం అడిగిన ఏ ప్రశ్నకైనా ఇదే దారి. ఎవరు చేశారు, ఎవరి మీద చేశారు, ఏం చేశారు, ఏం తేలింది, దాని మీద అభ్యంతరం ఏమిటి. బండూరా అయితే 1961, స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లలు, గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు కొడుతుంటే చూసిన పిల్లలు తామూ కొట్టడం. వాట్సన్, రేనర్ అయితే 1920, చిన్నారి ఆల్బర్ట్, తెల్ల ఎలుకను చూపిస్తూ వెనకాల సుత్తి మోత. అక్కడ అభ్యంతరం తప్పకుండా రాయాలి: పసివాడిలో కావాలని భయం కలిగించారు, దాన్ని పోగొట్టకుండానే వదిలేశారు. సంవత్సరాలు గుర్తులేకపోతే కంగారు పడకండి, ప్రయోగం వివరంగా రాస్తే చాలు. ప్రయోగం రాయకుండా సంవత్సరం ఒక్కటే రాస్తే మాత్రం మార్కు పడదు.

పావ్‌లావ్ కుక్క ప్రయోగం దగ్గర చాలామంది గంటను సహజ ఉద్దీపన (స్పందన కలిగించేది) అని రాసేస్తారు. నేర్పకముందే పనిచేసేది సహజం, నేర్పాక పనిచేసేది నిబంధితం. ఆహారం చూస్తే కుక్కకు లాలాజలం ఊరడం ఎవరూ నేర్పలేదు. గంటకు ఊరడం నేర్పాల్సి వచ్చింది. బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టండి, తారుమారు కాదు.

చదివే పద్ధతికి వస్తే, మీ సిలబస్‌లోనే సమాధానం ఉంది. స్మృతి, విస్మృతి పాఠంలో ఎబ్బింగ్‌హాస్ వక్రరేఖ, అంటే సమయం గడిచేకొద్దీ ఎంత మరిచిపోతామో చూపే గీత, చదువుతారు కదా. 1885లో ఆయన అర్థం లేని పదాలు తన మీద తానే ప్రయోగించుకున్నారు. ఇరవై నిమిషాలకు సుమారు 58 శాతం, గంటకు 44 శాతం, ఒక రోజుకు 34 శాతం దగ్గర గుర్తు నిలిచింది. అర్థం ఉన్న పాఠం ఇంత త్వరగా పోదు గానీ, మొదటి రోజే ఎక్కువ పోతుందన్నది మనకూ వర్తిస్తుంది. కాబట్టి ఒక యూనిట్ ఒకేరోజు ఎనిమిది గంటలు కూర్చుని చదివేయడం కన్నా, ఈరోజు, ఎల్లుండి, వచ్చే వారం అని విడదీసి చదివితే అదే సమయంలో ఎక్కువ మిగులుతుంది.

మళ్లీ మళ్లీ చదవడం, స్కెచ్ పెన్నుతో గీతలు కొట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే పనులు. చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో సరిగ్గా ఇదే కనబడింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లు ముందున్నారు. మీ సెమిస్టర్ పరీక్ష అయిదు నిమిషాల తర్వాత కాదు కదా. నా క్లాసులో పరీక్షల ముందు నెల అంతా పాఠం మొదలయ్యే ముందు పిల్లలు తెల్ల కాగితం తీసి, నిన్నటి టాపిక్ పుస్తకం చూడకుండా రాస్తారు. మార్కులు వేయను. పక్కవాళ్లతో కాగితం మార్చుకుని, ప్రయోగం ఉందా, ఉదాహరణ ఉందా, ఏ ముక్క వదిలేశారు అని చూసుకుంటారు. మీరు ఇంట్లో ఒక్కరే చేసినా చాలు. రాశాక పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో అక్కడే చేర్చండి. తరువాతి రోజు ఆ ఎర్ర ముక్కలతోనే మొదలుపెట్టండి.

"ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి సార్" అని మా పిల్లలూ అడుగుతారు. నేను చెప్పను. పాత పేపర్లు ఇచ్చి, యూనిట్ వారీగా ప్రశ్నలు వాళ్లనే విడదీయమంటాను. అది ఒక మధ్యాహ్నం పని. అయ్యేసరికి ఏది ఎలా తిప్పి అడుగుతారో వాళ్లకే తెలుస్తుంది.

స్టాటిస్టిక్స్ ఉంటే దాన్ని వదలకండి. ఆర్ట్స్ నుంచి వచ్చిన పిల్లలు లెక్కలనగానే బెదురుతారు, కానీ పూర్తి మార్కులు వచ్చే చోటు అదొక్కటే. 8, 10, 12, 14, 16 తీసుకోండి. సగటు 12. తేడాలు మైనస్ 4, మైనస్ 2, 0, 2, 4. వర్గాలు 16, 4, 0, 4, 16, మొత్తం 40. అయిదుతో భాగిస్తే 8, దాని వర్గమూలం 2.83. ఇదే ప్రామాణిక విచలనం. దీన్ని చేత్తో నాలుగైదు సార్లు చేస్తే పెద్ద లెక్కకు కూడా భయం ఉండదు. ప్రాక్టికల్స్‌కు రికార్డు ఎవరిదో చూసి రాయకుండా, ముల్లర్-లయర్ భ్రమ (ఒకే పొడవున్న గీతలు చివరి బాణం గుర్తుల వల్ల వేర్వేరుగా కనిపించడం) లాంటిదైనా ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి నిజంగా చేయండి. వైవాలో స్వతంత్ర చరం (మనం మార్చేది) ఏది, పరతంత్ర చరం (మనం కొలిచేది) ఏది అని అడిగితే చేసినవాళ్లు ఆలోచించకుండా చెబుతారు.

ఇప్పుడు ఆ గ్రూపు సంగతి. పేర్లతో మార్కులు అందరి ముందు పెట్టడం నాకు నచ్చదు. 25కి 9 వచ్చిన అమ్మాయి దాన్ని చూసి సిగ్గుతో క్లాసుకు రావడం మానేస్తే, ఆ మార్కులు చెప్పి ప్రయోజనం ఏమిటి? అమెరికాలో చదివే మన పిల్లలకు తెలుసు, అక్కడ ఎవరి గ్రేడ్ వాళ్ల లాగిన్‌లోనే కనబడుతుంది. విద్యార్థి ఒప్పుకోకుండా పేరుతో గ్రేడ్లు బయటపెట్టకూడదని 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. మన కాలేజీల్లో చాలావరకు అలవాటు కొద్దీ జరుగుతోంది, అవమానించాలని కాదు. మీ క్లాస్ రిప్రజెంటేటివ్ ద్వారా "మార్కులు ఎవరివి వాళ్లకు పంపితే బాగుంటుంది మేడమ్" అని మర్యాదగా చెప్పించండి. ఒక్కరే వెళ్లి అడిగితే ఫిర్యాదులా ఉంటుంది, క్లాసు తరఫున అడిగితే సూచనలా ఉంటుంది.

మార్కుల గురించి నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం లాంటివి రోజుల తరబడి ఉంటే దాన్ని పరీక్షల టెన్షన్ అని తీసిపారేయకండి. ఇంట్లోవాళ్లతో చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

25 ఇంటర్నల్స్ అయితే మిగతా 75 సెమిస్టర్‌వే, అవి ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. ఆ పరీక్ష అయ్యాక కూడా మార్కులు అన్యాయం అనిపిస్తే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఉన్నాయి. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు గడువు కొద్ది రోజులే ఇస్తారు, ఫలితాలు వచ్చిన రోజే ఆ తేదీ చూసిపెట్టుకోండి.

రేపే వెళ్లి పేపరు అడగండి. చూశాక ఏ ప్రశ్నకు ఎన్ని వచ్చాయో, పక్కన ఏం రాశారో ఇక్కడే కింద రాయండి. ఆ టాపిక్ వరకు జవాబు ఎలా రాయాలో నేను చెబుతాను.